ఆమె దూకలేదు

“పొయ్యిలో పెట్టమన్న ఉత్తరాన్ని పెట్టెలో ఎందుకు దాచావు?” తెలెస్ఫొరో అడగడం అది మూడోసారి.

“చదివాక పెడదామని,” అంది అతని భార్య అడెలా, చేప పొలుసు తీస్తూనే.

“చదవడానికేముంది? నా బొమ్మల పుస్తకం గురించి రెండొందల మంది రాశారు. పాద్రీ పొట్ట చూసి నవ్వామన్నారు. స్పెయిను దొరల టోపీలు అచ్చం అలాగే ఉన్నాయన్నారు. దొంగల పడవలోంచి ఇన్సింగ్ దూకేసిన చోట ఏడ్చామన్నారు. వీడొక్కడే!”

వీడంటే, ఒకప్పుడు ఆ దొంగల పడవలు బయల్దేరిన సులు దీవుల అస్గలీ. ఇప్పటికి అయిదు ఉత్తరాలు రాశాడు.

మొదటిదాంట్లో తెడ్లు వేసేవాళ్ళ వరస తప్పన్నాడు. రెండోదాంట్లో, చెరపట్టినవాళ్ళను కట్టేది గొలుసుతో కాదు, పేముతో అన్నాడు.

మిగతా మూడింట్లో ఒకటే మాట. ఆమె దూకలేదు.

“దూకకపోతే? దొంగలతో కాపురం చేసిందనా? అమ్మ వింటే బతుకుతుందా?”

ఇన్సింగ్ అతని తల్లి కన్సేసాకు సొంత నాయనమ్మ అక్క. పన్నెండేళ్ళప్పుడు ఒడ్డున గుల్లలు ఏరుకుంటుంటే సముద్రపు దొంగలు ఎత్తుకుపోయారు. దూకి మానం దక్కించుకుందని ఆ ఇంట్లో తరతరాల నమ్మకం.

“అంత పరువైనప్పుడు మీ ఇంటి పిల్లేనని పుస్తకంలో రాయకపోయావా?” అంది అడెలా.

“రాస్తే నలుగురూ నాలుగు మాటలంటారు.”

“అదీ సంగతి.”

రెండో ముద్రణలో వెనక పేజీల నిండా పాఠకుల అభిప్రాయాలు వేశాడు తెలెస్ఫొరో. అస్గలీ మొదటి ఉత్తరం కూడా వేసి, కింద ఒక ముక్క తగిలించాడు.

“తాతల పడవను తప్పుగా గీశానని పెద్దాయన అలిగారు!”

ఊరు ఊరంతా నవ్వింది.

నెల తిరక్కుండా ఒక బక్కపలచటి ముసలాయన గేటు దగ్గరికొచ్చాడు. తెల్ల టోపీ, చంకలో అదే పుస్తకం.

“అస్గలీని నేనే. బాగా నవ్వుకున్నారట, మంచిదే బాబూ. ఒక్కటి చెప్పు. ఆ పిల్ల తరఫువాళ్ళు ఎవరన్నా ఉన్నారా ఈ ఊళ్ళో?”

“ఉంటే ఏం చేస్తారు?”

“చేసేదేముంది? కళ్ళారా ఒకసారి చూసి పోతాను.”

“ఎప్పటి మాటండీ అది! ఎవరూ లేరు.”

ముసలాయన పుస్తకాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. లోపలి దగ్గు విని, “పెద్దవాళ్ళా?” అన్నాడు.

“మా అమ్మ. ఒంట్లో బాగాలేదు. ఇక వెళ్ళండి.”

“ఎవర్రా, ఫొరో?” లోపల్నుంచి కన్సేసా కేకేసింది. “అన్నం వేళకొచ్చిన మనిషిని గేటు బయట నిలబెడతావేంరా? లోపలికి పిలువు!”

“పుస్తకాలవాడమ్మా! వెళ్ళిపోయాడు.”

ముసలాయన ఇంకా గేటు పట్టుకునే ఉన్నాడు.

రెండు నెలలకు ఆరో ఉత్తరం వచ్చింది. చేతిరాత వేరు.

ఈసారి అడెలా దాన్ని దాచలేదు. మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ ఉండగా పైకే చదివింది.

“అయ్యా, మా నాన్న అస్గలీ నిన్న పోయారు. మీ గేటు దాకా వచ్చి వెళ్ళినప్పట్నుంచీ ‘ఎవరూ లేరట, ఒక్కరూ లేరట’ అని చివరిదాకా అంటూనే ఉన్నారు. మా ఇళ్ళల్లో పెద్దల పేర్లు వరసగా రాసి ఉంచుకుంటాం. ఆ కాగితం నకలు పంపుతున్నాను. ఈసారి అచ్చు వేసేటప్పుడైనా ఆ పేజీ సరిచేయండి.”

“ఏ పేజీ? ఎవరీ అస్గలీ?” కన్సేసా అందరి మొహాలూ చూసింది.



అడెలా అయిదు పాత ఉత్తరాలూ తెచ్చి అత్తగారి ముందు పెట్టి, ఒక్కొక్కటీ చదివింది. చివరికి నకలు కాగితం తీసి, పైనున్న పేరు దగ్గర వేలుపెట్టి, ఆమె చెవిలో చెప్పింది.

కన్సేసా ఆ కాగితాన్ని చాలాసేపు ఒళ్ళోనే ఉంచుకుంది. ఏడవలేదు. తిట్టనూ లేదు.

“అడెలా, ఇరుగుపొరుగుకు కబురు పెట్టు. ఈ సాయంత్రం నుంచి తొమ్మిది రోజులు మనింట్లో ప్రార్థన.”

“అమ్మా, అది సొంతవాళ్ళు పోతే చేసేది,” తెలెస్ఫొరో గొణిగాడు. “పైగా ఆయన మతం వేరు. ఎవరి పేరు చెప్పి చేస్తాం?”

కన్సేసా పిల్లలతో సహా అందరి వైపూ చూసి, మెల్లగా అంది.

“నువ్వు గేటు దగ్గర్నుంచే పంపేశావే, ఇన్సింగ్ కొడుకు కొడుకు... నా తమ్ముడి పేరు.”