కుందేళ్ల జట్టు ఎవరిది?

బంతాటలో కుందేళ్ల జట్టు వరసగా ఓడిపోతోంది. దాన్ని పోషించే ఏనుగు విసిగిపోయి, జట్టును ఒంటెకు అమ్మేస్తానంది. ఎండాకాలం పోయి వానలొచ్చినా బేరం తెగలేదు. ఈలోగా ఏనుగు పట్టించుకోవడం మానేసింది. మైదానంలో గడ్డి కుందేళ్లు మునిగేంత పెరిగింది.

"ఒంటె వద్దంటే మన జట్టు ఏమైపోతుంది తాతా?" అని ఆ జట్టు అభిమాని గోరువంక దిగులుపడింది.

"అది మన చేతుల్లో లేదమ్మా. రేపటి ఆటకి మనమూ వెళ్లకపోతే మాత్రం ఆ పిల్లలు కుంగిపోతారు," అంది ముసలి తాబేలు.

మర్నాడు అభిమానులందరూ వెళ్లి గొంతులు పోయేలా అరిచారు. అయినా కుందేళ్లు ఓడిపోయాయి. వాన మొదలైనా ఎవరూ కదల్లేదు.

జట్టు నాయకుడైన కుందేలు తలవంచుకుని వచ్చి, "ఇంకా ఇళ్లకు వెళ్లలేదేం?" అని అడిగింది.

"మీ యజమాని ఎవరో ఇంకా తేలలేదు గానీ, మీ వాళ్లెవరో ఎప్పుడో తేలిపోయింది," అంది గోరువంక.