పొట్టేలు మేసిన పేపర్లు

“మనిషివా, మానువా నువ్వు? గొర్రెల్ని బడికి తోల్తావా?”

స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి చంద్రమోహన్ సార్ అరుస్తున్నాడు. కింద మెట్ల దగ్గర సంజీవప్ప. బుక్కపట్నం చెరువు వెనక గొర్రెలు మేపుకుంటున్నవాణ్ణి ఫోన్ చేసి పిలిపించారు. భుజాన గొంగడి అట్లే ఉంది. పక్కన అతని కూతురు సుచిత్ర, ఆరో తరగతి, పొట్టేలుపిల్లను గట్టిగా అదుముకుని ఏడుస్తోంది. పొట్టేలుపిల్ల మాత్రం ఇంకా నములుతూనే ఉంది.

“ఏమైంది సార్?”

“ఏమైందా? నేను అన్నం తిని వచ్చేలోగా ఈ గదిలో దూరింది. ఆరో తరగతి సోషల్ పేపర్లు. సగం తినింది. మిగిలిన సగం మీద ఉచ్చ పోసింది!”

కిటికీలోంచి చూస్తున్న పిల్లలు కిసుక్కుమన్నారు. సార్ స్కేలు ఎత్తేసరికి కిటికీ ఖాళీ అయ్యింది.

“తల్లి చచ్చిన పిల్ల సార్. మా పాపే సీసాతో పాలు పట్టి సాకింది. పాప యాడికి పోతే ఆడికి వస్తాది. నోరు లేనిదానికి పరీక్ష పేపరని తెలుస్తాదా?”

“దానికి తెలీదు. నీ కూతురికి తెలుసు. కావాలనే తోలింది!”

“లేదు సార్, తాడు తెంపుకోనొచ్చింది,” అంది సుచిత్ర.

“నోర్ముయ్!”

సంజీవప్పకు మండింది. “ఏమప్పా, చిన్నబిడ్డ మీద అట్ల ఎగురుతాండావు? వాకిలి తెరిచిపెట్టి పోయింది నువ్వు కాదా? పేపర్లు బీరువాలో పెట్టుకోకూడదా?”

“గొర్రెలు కాసుకునేవాడివి, నాకు నేర్పిస్తావా?”

గొడవ విని హెడ్మిస్ట్రెస్ ప్రేమలత మేడం వచ్చింది. సార్ ఆమెవైపు తిరిగాడు.

“మేడం, ఈ పిల్లకు టీసీ ఇచ్చి పంపించండి. మూడు రోజులు కూర్చుని ఒక్కో పేపరు, ఒక్కో అక్షరం చదివి దిద్దినా. మార్కులు ముందే రిజిస్టర్లో ఎక్కించినా కాబట్టి సరిపోయింది. రేపు ఎవరైనా వచ్చి పేపరు చూపించమంటే ఏం చూపించేది? దీని పెంటికలా?”

టీసీ అన్న మాట వినేసరికి సంజీవప్ప గొంతు తగ్గిపోయింది.

“టీసీ వద్దు మేడం. మా ఇంట్లో అక్షరం వచ్చింది ఈ పాపకొక్కదానికే. కావాలంటే పొట్టేలును ఈ పొద్దే అమ్మేస్తా.”

సుచిత్ర పొట్టేలుపిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది.

“కావాలనే తోలిందని ఎట్లా అంటున్నారు సార్?” అని అడిగింది మేడం.

సార్ రిజిస్టర్ తెచ్చి, వేలు పెట్టి చూపించాడు. “చూడండి. సుచిత్ర, సోషల్, ఎనభైకి తొమ్మిది. క్లాసులో అందరికన్నా తక్కువ. పేపరు ఇంటికి పోతే నాయన తంతాడని భయం. అన్నిటికన్నా పైన ఉండింది దీని పేపరే. నేను వచ్చేసరికి పొట్టేలు నోట్లో మిగిలిన ముక్క మీద దీని చేతిరాతే!”

సంజీవప్ప ముఖం నల్లబడింది. ఇంతసేపూ సార్ మీద ఉన్న కోపమంతా కూతురి మీదికి మళ్లింది.

“తొమ్మిదా? ఎండనకా వాననకా తిరిగి నిన్ను సదివిస్తాంటే... తొమ్మిదా? ఏం రాసినావే ఆ పేపర్లో?”

చెయ్యెత్తాడు. పొట్టేలుపిల్ల బెదిరి కిందికి దూకింది. మేడం అడ్డం వచ్చింది.

సుచిత్ర మేడం వెనక్కి నక్కి, వెక్కుతూ అంది.

“సోషల్ పరీక్ష పొద్దు నువ్వు ధర్మవరం పెండ్లికి పోతా, నన్ను గొర్రెల వెనక తోలితివి కదా నాయనా! ఆ పరీక్ష నేను రాయనే లేదు!”