పదిహేడో నంబరు

నలభై మందిలో ఒక్కరు తగ్గినా ప్రాజెక్టు మూసేస్తామని డైరెక్టరు గారు ముందే చెప్పేశారు. మూసేస్తే డాక్టర్ స్వర్ణలత ఉద్యోగమూ దాంతోపాటే పోతుంది.

ఆమె నాలుగేళ్ళుగా ఉలవలతోనే కాపురం చేస్తోంది. ఉలవల్లోని ప్రోటీన్లను ఎంజైములతో తునకలు చేస్తే పెప్టైడ్లు వస్తాయి. వాటికి రక్తంలో చక్కెరను తగ్గించే గుణం ఉందని పరీక్షనాళికలు ఒప్పుకున్నాయి. ఎలుకలూ ఒప్పుకున్నాయి. ఇక ఒప్పుకోవలసింది మనుషులే.

అందుకని 2008 జనవరిలో కోసిగి దగ్గరి ఒక పల్లెకు వచ్చింది. షుగర్ ఉన్న నలభై మందిని ఏరి, నంబర్లిచ్చి, రక్తం తీసుకుంది. రోజుకో పొట్లం ఉలవ పెప్టైడ్ల పొడి. అరవై రోజుల తర్వాత మళ్ళీ రక్తం. చివరిదాకా నిలిచిన వాళ్ళకు తలా ఒక స్టీలు క్యారియర్.

పొడి పంచే పని ఉరుకుందుకు అప్పగించింది. ఆయన కరువు పనుల్లో కూలీల హాజరుకు మస్టరు పిలిచే మేస్త్రీ. ఆయన మస్టరులో ఒక్క పేరైనా తప్పిన రోజు లేదని ఊరంతా చెప్పింది.

"వానల్లేవు ఉరుకుందు గారూ. వీళ్ళు సుగ్గికి పోయారంటే నా పని గంగలో కలిసినట్టే," అంది.

సుగ్గికి పోవడమంటే గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోవడం. పోతే ఉగాదికి గానీ రారు.

"నలభై పేర్లు గదా మేడమ్ మీకు కావాల్సింది? ఒక్క పేరు తప్పనియ్యను. నాది పూచీ."

ఆ మాట పట్టుకుని హైదరాబాదు వెళ్ళిందే గానీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"పొడి యాడ మిగుల్తాండాది మేడమ్? పొట్లం ఇప్పడమే ఆలస్యం, నాకేస్తాండాయి."

మార్చిలో మళ్ళీ వచ్చింది. దారి పొడుగునా తాళాలేసిన ఇళ్ళు. ఇక పని గంగలో కలిసినట్టే అనుకుంది. తీరా బడి దగ్గరికెళ్తే నలభై మందీ వరుసగా కూర్చుని ఉన్నారు! స్వర్ణలతకు నిజంగానే ఏడుపొచ్చింది.

"పదిహేడు! పెద్ద ఈరన్న!"

"ఉండా మేడమ్."

మొదటిరోజు కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడని కాగితంలో ఉంది. ఇప్పుడు చకచకా వచ్చి కూర్చున్నాడు. ఆమె కాగితం మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

"అరికాళ్ళ మంటలు?"

"యాడివి మేడమ్? లేవు."

"రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తారు?"

"లేసేదే లేదు. పండుకుంటే కోడి కూసినంకనే."

రక్తంలో చక్కెర అప్పుడు రెండు వందల ఎనభై ఆరు. ఇప్పుడు తొంభై రెండు.

మొత్తం ముప్పై ఆరు మందికి తగ్గింది. నలుగురికి తగ్గలేదు. అదీ మంచిదే, అందరికీ తగ్గితే జర్నల్ వాళ్ళు నమ్మరు.

వెళ్తూ వెళ్తూ ఊళ్ళో ఎద్దులను చూసింది. ఇంత కరువులోనూ నిగనిగలాడుతున్నాయి. తాము పస్తులుండైనా పశువులను చూసుకునే రైతును తలుచుకుని మురిసిపోయింది.

ఉగాది దాటాక ప్రాజెక్టు ఇంకో మూడేళ్ళు పొడిగించారు. అంతవరకు "మీ ఉలవలు" అన్న డైరెక్టరు గారు "మన ఉలవలు" అనడం మొదలుపెట్టారు. పదిహేడో నంబరు పక్కన నిలబడి ఫొటో దిగాలని ముచ్చటపడి, పూలదండతో, నలుగురు విలేకరులతో స్వయంగా ఊరికి బయల్దేరారు.

బడి ముందు కెమెరాలు సిద్ధమయ్యాయి. డైరెక్టరు గారు జుట్టు సర్దుకున్నారు.

"ఏరీ, మన పదిహేడో నంబరును పిలవండి," అంది స్వర్ణలత గర్వంగా.

ఉరుకుందు మస్టరు కాగితం విప్పి, వినయంగా అడిగాడు.

"ఏ పదిహేడును పిలవల్ల మేడమ్, ముందు రక్తమిచ్చి మర్నాడే సుగ్గికి పోయిన పెద్ద ఈరన్ననా, ఆయప్ప పేరు మీద మొన్న రక్తమిచ్చిన తమ్మున్నా?"