రెండో బ్రేకు

“రెండు పుల్లలిచ్చి తినమంటే ఎలాగయ్యా? మనమేమన్నా గూడు కట్టుకోవాలా?” అన్నారు డ్రైవింగ్ మాస్టారు, చాప్‌స్టిక్స్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

ఎదురుగా కూర్చున్న న్యూట్రల్ నవ్వలేదు.

కొత్తగా తెరిచిన జపాన్ హోటల్ అది. బల్లలకి వార్నిష్ వాసన ఇంకా పోలేదు.

న్యూట్రల్ అన్నది మాస్టారు పెట్టిన పేరే. నేర్చుకునే రోజుల్లో గేరు వెయ్యకుండా యాక్సిలరేటర్ తొక్కి, “బండి కదలట్లేదండీ” అనేవాడు. అతనికి లైసెన్సు వచ్చేసరికి మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. క్లాసులు అయిపోయినా స్నేహం మిగిలింది. వయసులో పాతికేళ్ల తేడా ఉన్నా, ఆటపట్టించుకోవడంలో ఇద్దరూ ఒక ఈడువాళ్లే.

అలాంటివాడు ఇప్పుడు చిక్కి సగమయ్యాడు. జ్వరమని ఆసుపత్రికి వెళ్లిన అతని భార్య తిరిగి రాలేదు. అప్పట్నుంచీ టీ నీళ్లతోనే బతుకుతున్నాడు. పెట్టిన కంచం పెట్టినట్టే ఉంటోంది. నిన్న ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయాడని తెలిసి మాస్టారి గుండెల్లో రాయి పడింది.

ఇవాళ బయల్దేరుతుంటే మాస్టారి భార్య గుమ్మం దాకా వచ్చింది. “ఏం చేస్తారో నాకు తెలీదు. ఆ అబ్బాయి చేత నాలుగు ముద్దలు తినిపించి మరీ రండి. ఇలాగే ఉంటే మనకి దక్కడు,” అంది.

“ఈ హోటల్ బోర్డు కట్టిన రోజే తను అంది మాస్టారూ, తెరవగానే మనందరం కలిసి రావాలని,” అన్నాడు న్యూట్రల్, సూపు గిన్నెవైపు చూస్తూ. “తను లేకుండా నాకెలా దిగుతుంది?”

గిన్నెని కాస్త అవతలికి జరిపాడు.

బల్ల కింద మాస్టారి పాదం నేలని గట్టిగా నొక్కింది. నేర్పేవాళ్ల కారులో వాళ్ల వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ప్రమాదం అనిపిస్తే చాలు, కాలు దానంతటదే తొక్కేస్తుంది. ఏళ్ల తరబడి అలవాటు, కుర్చీలో కూర్చున్నా పోలేదు.

“తనుంటే మన అవతారాలు చూసి ఈపాటికి పొట్ట పట్టుకుని నవ్వేది. ఇదుగో, ఇలా పట్టుకోవాలట చూడు,” అన్నారు.

పుల్లల మధ్య అన్నం ఉండ జారి పక్క బల్ల కిందకి దొర్లింది. అక్కడున్నావిడ ఉలిక్కిపడి కాళ్లు పైకి తీసుకుంది. న్యూట్రల్ పెదవులు కొద్దిగా కదిలాయి.

ఇదే సందు, తను మొదలుపెడితే అతనూ తింటాడని మాస్టారు, పళ్లెం అంచున ఉన్న పచ్చటి ముద్దని ఏదో ఆకుకూర అనుకుని, మొత్తం ఒక్కసారే నోట్లో వేసుకున్నారు.

అయ్యబాబోయ్! అది వసాబీ. మంట ముక్కులోంచి నేరుగా నడినెత్తికెక్కింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి.

“మాస్టారూ! అది గోరంత నంజుకోవాలి! తాగండి, ముందు నీళ్లు తాగండి!”

న్యూట్రల్ గ్లాసు అందించాడు. అందిస్తూ అందిస్తూ ఫక్కుమన్నాడు. ఇక ఆపుకోలేకపోయాడు.

నీళ్లు తాగాక మంట తగ్గింది. కన్నీళ్లు మాత్రం చాలాసేపు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవాలని మాస్టారు తొందరపడనూ లేదు.

“నవ్వవయ్యా, నవ్వు! నా తిప్పలు నీకు వినోదం. నవ్వినందుకు జరిమానా, ఆ పళ్లెం ఖాళీ చెయ్యి.”

“మీరు నన్ను నవ్విస్తున్నారు... నాకు సిగ్గుగా ఉంది మాస్టారూ,” అన్నాడు న్యూట్రల్ తల దించుకుని.

“సిగ్గు తర్వాత పడుదువుగాని. ముందు తిను.”

అతను పుల్లలు పక్కన పెట్టి చేత్తోనే తిన్నాడు. ఒక ఉండ తిన్నాక రెండోది తనే తీసుకున్నాడు. గిన్నె ఎత్తి సూపు తాగాడు. మాస్టారు తన పళ్లెంలోవి కూడా అతని పళ్లెంలోకి తోసి, తను తినడం లేదని కనిపెట్టనివ్వకుండా ఏవేవో కబుర్లు చెబుతూనే ఉన్నారు.

అతన్ని ఆఫీసు దగ్గర దింపి ఇంటికొచ్చేసరికి భార్య వీధి తలుపు దగ్గరే నిలబడి ఉంది.

“తిన్నాడా?”

“తిన్నాడే, అల్లుడు కడుపునిండా తిన్నాడు,” అంటూ మాస్టారు, కూతురు పోయాక మొదటిసారిగా, గుమ్మంలోనే కూలబడి బావురుమన్నారు.