తొమ్మిదో అంతస్తులో దిష్టిబొమ్మ

ఇప్పుడు ఏ భవనానికైనా అందరూ కలిసి దిద్దే, తనంతట తానూ ఆలోచించే కంప్యూటరు నమూనా ఒకటి తెరమీద ఉంటుంది. అందులో లేనిది సైటులో ఉండటానికి వీల్లేదు. అందుకే సెంట్రింగు మేస్త్రి తవిటయ్య కట్టిన దిష్టిబొమ్మను ఆ నమూనా పట్టుబట్టి తీయించేసింది. అప్పటినుంచీ దానిమీద అతను గుర్రుగానే ఉన్నాడు.

ఈ పొద్దున తెర చూసి ఉలిక్కిపడ్డాడు. తొమ్మిదో అంతస్తు పడమటి మూలన దిష్టిబొమ్మ వేలాడుతోంది!

“ఇదెవులెట్టినారమ్మా?” అని ఇంజనీరు భార్గవిని అడిగాడు.

“అందర్నీ అడిగాను తవిటయ్యా, ఎవరూ పెట్టలేదు. నమూనాయే పెట్టుకుంది.”

“దిష్టి నమ్మనిది ఉత్తినే ఎడతాదేటి? దానికేటి కనబడినాదో!”

భార్గవి నవ్వబోయి ఆగిపోయింది. తవిటయ్య తెరకేసి మళ్లీ చూశాడు. బొమ్మ పక్కనే ఇవాళ్టి పని కనిపిస్తోంది: పడమటి మూల సెంట్రింగు. ఎక్కాల్సింది తవిటయ్య ఒక్కడే.