ఏడాది సంచి

పాత ప్లాస్టిక్ పోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పటి సంచులన్నీ మొక్కజొన్న పిండివే. అందులో ఏది ఎంత కలిపారన్నదాన్ని బట్టి నీళ్ళలో గంటకో, నెలకో, ఏడాదికో కరిగిపోతాయి.

"ఎన్నాళ్ళది ఇమ్మంటారమ్మా?" అని కొట్టతను ఇందుమతిని అడిగాడు. బస్సులో చిరిగి భర్త అస్థికలు ఒలికిపోతాయేమోనని, "గట్టిదివ్వండి" అంది.

గోదావరిలో వదిలిన సంచి ఎంతకీ కరగలేదు. తేలుతూ మళ్ళీ రేవు మెట్ల దగ్గరికే వచ్చింది.

మరిది రామజోగి దాని మీది అచ్చు చదివి తల పట్టుకున్నాడు. "ఏడాది సంచి తెచ్చావేంటి వదినా! దీనికి గంట సంచి కదా తేవాలి! ఉండు, కోసి కలిపేస్తాను."

"వద్దయ్యా."

తాను చేసింది తప్పో, మంచిదో ఆమెకే తెలియలేదు. తడి సంచిని కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకా ఏడాది ఉందటండీ," అంది దానితో. "పదండి, ఇంటికి వెళదాం."