గూఢచారి టోపీ

"దొరికాడురా దొంగ! డార్న్‌లీ వాళ్ళ గూఢచారి!"

రూఫస్ పెట్టిన కేకకు జట్టంతా సాధన ఆపేసి అటు పరుగెత్తింది.

మైదానం మూల ఒక నడివయసు మనిషి వంగి, గడ్డిలోకి తేరిపార చూస్తున్నాడు. నల్లకోటు, గుండ్రటి టోపీ.

మిల్‌బ్రూక్ కాలేజీ జట్టు కెప్టెన్ క్లెమ్ హాడ్లీకి ఒళ్ళు మండింది. మండదూ మరి! 1908లో ఒహాయో మొత్తంలో అంత దిక్కుమాలిన జట్టు ఇంకోటి లేదు. ఆడిన ఆటలన్నీ ఓడారు. ఇక మిగిలింది శనివారం డార్న్‌లీ కాలేజీతో ఆట ఒక్కటే. అదీ పోతే వచ్చే ఏడాది నుంచి బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే ఈ అమెరికన్ ఫుట్‌బాలే ఉండదని కాలేజీ ప్రెసిడెంటుగారు అందరి ముందూ చెప్పేశారు.

దానికి తోడు జుట్టు బెడద ఒకటి. సీజన్‌లో మొదటి గెలుపు దక్కేదాకా ఎవరూ క్షవరం చేయించుకోకూడదని అక్కడి ఆనవాయితీ. నవంబరు వచ్చేసరికి, క్లెమ్ ఇంటికి వెళితే వాళ్ళమ్మే తలుపు తీసి "ఎవరు కావాలి?" అని అడిగింది.

"ఇక్కడేం పని నీకు?" అన్నాడు క్లెమ్.

"ఈ మూల గీత సరిగ్గా కనబడటం లేదు బాబూ. కాస్త సున్నం..."

"మా గీతల గోల నీకెందుకయ్యా? మా ఎత్తులన్నీ చూసి వాళ్ళకి మోసుకెళ్దామనేగా!"

"కాదు నాయనా, నన్ను చెప్పనిస్తే..."

చెప్పనిస్తేగా! తలో కాలూ చెయ్యీ పట్టుకుని మోసుకెళ్ళి, గుర్రాలు నీళ్ళు తాగే తొట్టిలో దభీమని పడేశారు.

ఆయన లేచి కోటు పిండుకున్నాడు. "నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి," అని మాత్రం అని వెళ్ళిపోయాడు. టోపీ తొట్టిలోనే తేలుతోంది. రూఫస్ దాన్ని తన జులపాల మీద పెట్టుకుని రెండు రోజులు ఊరేగాడు.

శనివారం పొద్దున ప్రెసిడెంటుగారు క్లెమ్‌ను పిలిపించారు. ఆయన పక్కన, మొన్న తొట్టిలో పడ్డ పెద్దమనిషి నిలబడి ఉన్నాడు.

"ఈయన ప్రెంటిస్‌గారు. ఇవాళ ఆటకి రిఫరీ."

క్లెమ్ క్షమించమని అడగబోయాడు.

"ఆ మూల ఇంకా సున్నం పడలేదు," అన్నాడు ప్రెంటిస్.

క్లెమ్ పరుగున వెళ్ళి ఆ మూలంతా తన చేత్తోనే దట్టంగా సున్నం పోశాడు. సంగతి విని రూఫస్ నెత్తి బాదుకున్నాడు.

"అయిపోయాంరా! రిఫరీని ఎంచుకునేది ఆడటానికి మన ఊరొచ్చే జట్టు. వాళ్ళు పిలిపించుకున్న మనిషి, పైగా మనం ముంచిన మనిషి!"

ఆట మొదలైన కాసేపటికే క్లెమ్ బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి తన్ని నాలుగు పాయింట్లు తెచ్చాడు. ఆ తరువాత ఆడింది ఆట కాదు, ప్రాణరక్షణ.

ఇక ముగుస్తుందనగా డార్న్‌లీ వాళ్ళలో ఒక బక్కపలచని కుర్రవాడు, మొహం నిండా గోధుమరంగు మచ్చలవాడు, బంతిని చంకలో ఇరికించుకుని మైదానం అంచునే పరుగు తీశాడు. ఎవరికీ అందలేదు. చివరి గీత దాటేశాడు. దాటితే ఐదు పాయింట్లు.

"ఇంకేముంది! ఆట పోయింది, ఈ జుట్టు మాత్రం ఉండిపోయింది," అన్నాడు రూఫస్ ఏడుపు గొంతుతో.

అంతలో ఈల మోగింది.

ప్రెంటిస్ సున్నం పోసిన ఆ మూలే నిలబడి ఉన్నాడు. "చెల్లదు. పక్క గీత తొక్కాడు."

"నేను తొక్కలేదు!" అని అరిచాడు కుర్రవాడు.

ప్రెంటిస్ వాడి బూటు వైపు వేలు చూపించాడు. అంచు పొడవునా తెల్లటి సున్నం.

కుర్రవాడు బూటు చూసుకున్నాడు. ఆయన మొహం చూశాడు. బంతి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"ఎంతకి అమ్ముడుపోయావు?" అని డార్న్‌లీ వాళ్ళు బురద విసిరారు. ఆయన తుడుచుకుని ఆట కొనసాగించాడు.

మిల్‌బ్రూక్ గెలిచింది!

జట్టంతా స్టేషన్ ఎదురుగా ఉన్న మంగలి దుకాణం మీద పడింది. క్లెమ్‌కు సగం తల కత్తిరించడం అయ్యేసరికి అద్దంలోంచి రైలు కనబడింది. అప్పుడు గుర్తొచ్చింది. రూఫస్ ఒళ్ళోని టోపీ లాక్కుని, సగం క్షవరంతోనే స్టేషన్‌కు పరుగెత్తాడు.

కిటికీ ఎత్తి ఉన్న పెట్టెలో ప్రెంటిస్ కనబడ్డాడు. చుట్టూ డార్న్‌లీ జట్టు. పాపం, వాళ్ళ మధ్యే ఇరుక్కున్నాడు, దారి పొడవునా ఎన్ని తిట్లు తినాలో అని క్లెమ్‌కు ఆయన మీద జాలేసింది.

రైలు కదిలింది.

"సార్! మాదే తప్పు సార్! మీ టోపీ!" అంటూ పక్కనే పరుగెత్తాడు. ఆ చప్పుడులో ఆయనకు ఒక్క ముక్క కూడా వినబడలేదు.

కిటికీ దగ్గర కూర్చున్న ఆ మచ్చల మొహం కుర్రవాడు, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచినవాడు, చెయ్యి చాచి టోపీ అందుకుని, పక్కనున్న ప్రెంటిస్ తల మీద జాగ్రత్తగా పెట్టి, "ఇదిగో నాన్నా, నీ టోపీ దొరికింది," అన్నాడు.